దరఖాస్తులో ఐదో మనిషి

అబద్ధం రాసింది ఫిట్టరు. రాయించింది టైలరమ్మ. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే తర్వాత ఆ మొగుడూ పెళ్ళాలు ఒకళ్ళనొకళ్ళు ఎంత దుమ్మెత్తి పోసుకున్నా పాపంలో ఇద్దరిదీ సగం సగం.

దేశానికి ఆ చివర ఊళ్ళో ఉండేవాళ్ళు. ఈ చివర నగరంలో కాగితం మిల్లులో ఆయనకి ఉద్యోగం వచ్చింది. మంచి ఉద్యోగం, ఉండటానికి క్వార్టరు కూడా వాళ్ళే ఇస్తారు. అయితే దానికో లెక్క ఉంది. ఇంట్లో నలుగురుంటే రెండు గదులు, ఐదుగురుంటే మూడు. వీళ్ళేమో నలుగురే: ఆయన, ఆమె, ఆరేళ్ళ చిట్టి, పది నెలల బుడ్డోడు.

టైలరమ్మకి ఆ మూడో గది మీద మనసు పడింది. పాత ఊళ్ళో ఫొటో స్టూడియో పక్కన, నిలబడితే మోచేతులు గోడలకి తగిలే కొట్లో ఆరేళ్ళు బట్టలు కుట్టింది. కొత్త ఊళ్ళో తెలిసినవాళ్ళు ఉండరు, పిలిచి పని ఇచ్చేవాళ్ళు ఉండరు. కనీసం మిషను పెట్టుకోడానికి కాస్త వెలుతురున్న గదైనా లేకపోతే ఇక తను చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

"ఒక మనిషిని కలపండి. మీ మేనత్తని రాయండి," అంది.

"నాకు మేనత్త లేదు కదే."

"అందుకే రాయమంటున్నా. ఉంటే వచ్చి కూర్చుంటుంది."

ఫిట్టరు పకపకా నవ్వాడు. నవ్వుతూనే రాశాడు. మేనత్త, వయసు అరవై ఎనిమిది. తీరా చూస్తే ప్రతి మనిషికీ ఫొటో అతికించాలని కింద రాసి ఉంది. లేని మనిషికి ఫొటో ఎక్కణ్ణుంచి వస్తుంది? టైలరమ్మ అది కూడా చూసుకుంది. పక్క స్టూడియోలో, తీయించుకుని మళ్ళీ రాని వాళ్ళ ఫొటోలు ఒక బిస్కెట్ల డబ్బాలో పడేసి ఉంటాయి. స్టూడియో ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు డబ్బా తీసి, పైపైన వెతికి, ఒక ముసలావిడ ఫొటో ఏరుకుంది. నెమ్మదైన మొహం. ఎడమ భుజం ఒక అంగుళం కిందికి జారి ఉంది. టైలరు కళ్ళకి మొదట కనిపించేది భుజాలే మరి.

మూడు పగళ్ళూ రెండు రాత్రులూ రైల్లో కూర్చుని, నడుములు పడిపోయి, కొత్త ఊళ్ళో దిగారు. ఊరంతా మిల్లు వాసన. తడిసిన కాగితం మూటగట్టి మూల పడేస్తే వచ్చే పులిసిన వాసన. రెండు రోజుల్లో అలవాటైపోతుందని అందరూ చెప్పారు. టైలరమ్మకి అలవాటు కాలేదు.

క్వార్టర్ల గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఒక పుస్తకం. లోపలికి ఎవరొచ్చినా తలలు లెక్కపెట్టి అందులో రాస్తాడు.

"కాగితంలో ఐదుగురని ఉంది, నలుగురే ఉన్నారేంటి?" అన్నాడు.

"మా అత్త వెనకాల వస్తుందిలే," అన్నాడు ఫిట్టరు, చెమట తుడుచుకుంటూ.

మూడో గది టైలరమ్మ కోరుకున్నట్టే ఉంది. పెద్ద కిటికీ, కిటికీ కింద మిషను. ఒక్కటే చిక్కు, ఆ గది తలుపు సరిగా పడదు. ఎంత నొక్కినా బెత్తెడు సందు ఉండిపోతుంది. ఫిట్టరు మడతబందులు మార్చాడు, అడుగున చెక్క చిత్రిక పట్టాడు. మిల్లులో టన్నుల బరువు రోలర్లు బిగించే మనిషి, ఇంట్లో తలుపుకి ఓడిపోయాడు. వారం రోజులు ఆ మాట పట్టుకుని టైలరమ్మ ఆయన్ని ఆటపట్టించింది.

మూడో వారంలో ఒక పొద్దున, కూరగాయల సంచీతో వస్తుంటే వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"మీ పెద్దావిడ వచ్చేశారుగా అమ్మా. మంచావిడ. కాసేపు కూర్చుని మాట్లాడారు."

టైలరమ్మ గతుక్కుమంది. అంతలోనే సర్దుకుని నవ్వింది. ఓహో, మా ఆయన వీడితో ఏర్పాటు చేసుకున్నాడన్నమాట అనుకుంది. సాయంత్రం ఆయన రాగానే, "పర్లేదే, మీకూ బుర్ర ఉంది. వాచ్‌మన్‌ని బాగా మేనేజ్ చేశారు," అంది.

"నేనా? నువ్వు కదా చేశావు?" అన్నాడు ఫిట్టరు. "నిన్న నాతో కూడా అన్నాడు, అత్తగారు వచ్చారని. నువ్వే చెప్పించావనుకుని ఊఁ కొట్టాను."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆయన అబద్ధం ఆడుతున్నాడని ఆమెకి గట్టి నమ్మకం. ఆయనకీ అంతే.

ఆ పూటతో అనుమానం ఇంట్లో కాలు పెట్టింది. పక్క క్వార్టరులో నర్సు ఉంది, ఒంటరి మనిషి, ఎవరి జోలికీ పోదు. ఆవిడ కూడా ఒకరోజు పిట్టగోడ అవతల్నుంచి, "మీ అత్తగారికి ఎంత ఓపికండీ, మెట్ల మీద కూర్చుని గంటసేపు పాపకి జడ వేశారు," అంది. టైలరమ్మ లోపలికి పరిగెత్తి చిట్టిని వెనక్కి తిప్పి చూసింది. నాలుగు పాయల జడ. ఒక్క వెంట్రుక రేగకుండా బిగించి అల్లిన జడ. టైలరమ్మకి మూడు పాయలే వచ్చు, అదీ వంకర.

ఎవరో ఆడమనిషి తను బజారుకెళ్ళిన వేళ చూసి ఇంట్లోకి వస్తోంది. మొగుడికి తెలిసే వస్తోంది. టైలరమ్మకి తోచింది ఇదే. తోచాక ఊరుకుంటుందా? బజారుకని బయల్దేరి సగం దారిలో వెనక్కి వచ్చేది. ఆయన చొక్కాలు వాసన చూసేది. గుమ్మం ముందు పిండి చల్లి అడుగులు పడ్డాయేమో చూసేది. పిండి మీద చిట్టి అడుగులు తప్ప ఏమీ లేవు. మూడో గదిలో మాత్రం కొత్త వాసన. తడిబట్ట మీద వేడి ఇస్త్రీ పెట్టినప్పుడు వచ్చే వాసన. ఇస్త్రీపెట్టె ఉన్న మూట ఇంకా విప్పనే లేదు.

ఒకరోజు మిషను మీద ఒక పాత రవిక మడతపెట్టి ఉంది. కుట్టించుకునేవాళ్ళు ఆదికి ఇచ్చినట్టు, పక్కనే కొత్త బట్ట. ఎవరూ తెచ్చివ్వలేదు. టైలరమ్మ చేతులు వాటంతటవే టేపు తీశాయి. నడుము కొలిచింది, పొడుగు కొలిచింది. భుజాల దగ్గరకొచ్చేసరికి టేపు జారిపోయింది. ఎడమ భుజం ఒక అంగుళం తక్కువ.

ఫొటోలో ముసలావిడ భుజం గుర్తొచ్చింది. చిట్టిని ఒళ్ళోకి లాక్కుంది.

"జడ ఎవరు వేశారే?"

"మామ్మ."

"మామ్మ అని పిలవమని ఎవరు చెప్పారు? నాన్న చెప్పారా?"

"మామ్మే చెప్పింది."

"ఏం చెప్పింది?"

చిట్టి మూడో గది తలుపు సందులోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "చాలామందిలోంచి మీ అమ్మే నన్ను ఏరుకుంది అని చెప్పింది."

డబ్బా సంగతి టైలరమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. మొగుడికి కూడా చెప్పలేదు. స్టూడియో ఆయన్నే అడిగి తీసుకున్నానని చెప్పింది.

వెంటనే స్టూడియో ఆయనకి ఫోను చేసింది. పొరుగు కొట్టు కదా, ఆయన ఆప్యాయంగానే పలికాడు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక నసుగుతూ నిజం చెప్పేసింది. "అన్నయ్యా, తప్పయిపోయింది, మీ డబ్బాలోంచి ఒక ముసలావిడ ఫొటో తీసుకున్నాను. ఆవిడ ఎవరు?"

"ముసలావిడా? ఆ డబ్బాలో ముసలావిడ ఎందుకుంటుందమ్మా? అవన్నీ కాలేజీ దరఖాస్తులకి తీయించుకున్న కుర్రాళ్ళవి. నేను ముసలివాళ్ళని ఫొటో తీసి ఏళ్ళయింది."

ఆ సాయంత్రం ఫిట్టరు చెప్పులు విప్పకముందే ఆయన్ని మూడో గదిలోకి లాక్కెళ్ళి అంతా చెప్పేసింది. పిల్లలకి వినపడకుండా గుసగుసగా చెప్పింది, మధ్యలో ఏడ్చింది. "నాకేం వద్దు ఈ గది. రేపే వెళ్ళి ఆ పేరు కొట్టించేయండి. నా పిల్ల జుట్టులో చేతులు పెడుతోందండీ అది!"

ఫిట్టరు నమ్మాడో లేదో గానీ మొహం మాత్రం పాలిపోయింది. జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఎల్లుండి నాలుగింటికి తనిఖీ. ఇంటింటికీ ఆఫీసరు వచ్చి మనుషుల్ని కళ్ళారా చూసి రాసుకుంటాడు. తప్పు రాసినవాళ్ళకి క్వార్టరుతో పాటు ఉద్యోగం కూడా పోతుంది.

"ఇప్పుడు చెబితే అడ్డంగా దొరికిపోతాం. తనిఖీ ఒక్కటి గట్టెక్కనీ. మా క్యాంటీన్లో గిన్నెలు తోమే ముసలమ్మ ఉంది, ఒక్క గంట వచ్చి ఈ గదిలో మంచం మీద పడుకోమంటాను. మర్నాడే వెళ్ళి, అత్త ఇక లేదని రాసిచ్చేస్తాను. అంతటితో ఆవిడ పీడ విరగడ."

అన్నాడో లేదో, మిషను చక్రం కదిలింది. కాలి పెడలు మీద ఎవరూ లేరు. అర చుట్టు తిరిగి, ఆగింది. కిటికీలోంచి గాలి అన్నాడు ఫిట్టరు. కిటికీ మూసే ఉంది.

తనిఖీ రోజు మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. మూడున్నరకి కరెంటు పోయింది. ఆకాశం నల్లగా మూసుకుపోయి, ఇంట్లో ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా సరిగా ఆనడం లేదు. చిట్టి నోరు అదుపులో ఉండదు, ఆఫీసరు ముందు ఏం వాగుతుందో అని దాన్ని నర్సు ఇంట్లో వదిలి వచ్చారు. నిజం పిల్లని దాచి, దొంగ అత్తని చూపించడానికి సిద్ధమయ్యారు చూడండి, వాళ్ళ తెలివి అలా తెల్లారింది.

నాలుగైంది. క్యాంటీన్ ముసలమ్మ జాడ లేదు.

"వస్తుంది, వస్తుంది. పెరటి వైపు నుంచి రమ్మన్నాను," అంటూ ఫిట్టరు గది కొలిచినట్టు తిరుగుతున్నాడు. టైలరమ్మ బుడ్డోణ్ణి భుజాన వేసుకుని మూడో గది తలుపునే చూస్తోంది. బెత్తెడు సందు. సందులో చీకటి. ఇవాళ ఆ ఇస్త్రీ వాసన ఎక్కువగా ఉంది.

తలుపు తట్టారు. ఆఫీసరు! గొడుగు మడిచి, కళ్ళజోడు తుడుచుకుని, సంచీలోంచి పెద్ద పుస్తకం తీశాడు.

"మీరు ఒకటి. మీ ఆవిడ రెండు. చంటాడు మూడు. మిగతావాళ్ళు?"

"పాప పక్కింట్లో ఉందండి, పిలుస్తాను. అత్త... అత్తకి ఒంట్లో బాగోలేదు. లోపల పడుకుంది. నిద్రపోతున్నట్టుంది..."

"మొహం చూడాలి. రూలు," అన్నాడు ఆఫీసరు. అని, ఎవరూ చూపించకుండానే తిన్నగా మూడో గదికి నడిచాడు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

టైలరమ్మ కళ్ళు మూసుకుంది. అయిపోయింది. ఇప్పుడు అరుస్తాడు. ఇప్పుడు బయటికి వచ్చి నిలదీస్తాడు... వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత మంచం కిర్రుమంది. ఎవరో లేచి కూర్చున్నారు. తర్వాత మాటలు. ఆఫీసరు గొంతు. దానికి జవాబుగా ఇంకో గొంతు... సన్నగా, తీరిగ్గా, ఎవరికో కథ చెబుతున్నట్టు. ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు.

ఫిట్టరు మొహం విప్పారింది. "వచ్చేసిందే," అని గుసగుసలాడాడు. "పెరటి తలుపులోంచి వచ్చేసింది. చూశావా, అనవసరంగా హడలిపోయావు."

ఐదు నిమిషాలకి ఆఫీసరు బయటికి వచ్చాడు. ఇందాకటి బిగువు లేదు, మెత్తబడిపోయాడు. "పెద్దావిడ అంతా వివరంగా చెప్పారు," అంటూ నిలబడే పుస్తకంలో ఏదో కొట్టేసి ఏదో రాశాడు. "లెక్క సరిపోయింది. ఇక్కడ సంతకం పెట్టండి."

"పాపని పిలవమంటారా?"

"అక్కర్లేదు."

చీకట్లో ఫిట్టరు ఏం చూశాడు, ఏం చదివాడు? బతుకు జీవుడా అనుకుని గబుక్కున సంతకం గిలికేశాడు. ఆఫీసరు గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

గడియ వేయబోతుంటే మళ్ళీ ఎవరో తట్టారు. క్యాంటీన్ ముసలమ్మ! తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయి ఉంది.

"కోప్పడకు బాబూ, వానలో బస్సు దొరకలేదు. ఆలస్యమైపోయిందా?"

ఫిట్టరు గోడకి చేరగిలబడ్డాడు. మొగుణ్ణి ఇంక దేనికీ అనుమానించాల్సిన పని లేదని టైలరమ్మకి అప్పుడు తెలిసింది. ఆమె ఒక్క ఉదుటున నర్సు ఇంటికి పరిగెత్తి చిట్టిని ఎత్తుకొచ్చింది. ఆ రాత్రి నలుగురూ ముందు గదిలోనే, ఒకే పరుపు మీద పడుకున్నారు. తల్లి చేయి పిల్ల చుట్టూ, తండ్రి చేయి తల్లి చుట్టూ. చిట్టి మాత్రం హాయిగా నిద్రపోయింది.

తెల్లారగానే టైలరమ్మ తేల్చి చెప్పేసింది. "నేనే వెళ్తాను. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటాను. ఉద్యోగం పోతే పోనీ, ఎక్కడైనా బతుకుతాం. మీరు పిల్లని వదిలి ఒక్క అడుగు కదలొద్దు." ఫిట్టరు తలూపాడు. చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నా బంగారాన్ని వదుల్తానా?" అన్నాడు.

క్వార్టర్ల ఆఫీసులో గుమాస్తా అప్పుడే కుర్చీ దులుపుకుంటున్నాడు. ఆమె ఊపిరి తీసుకోకుండా చెప్పింది. దరఖాస్తులో ఒక పేరు అబద్ధం, మాదే తప్పు, కొట్టేయండి, ఏ శిక్ష వేసినా సరే.

గుమాస్తా పుస్తకం తిరగేశాడు. "మీ క్వార్టరులో ఒక పేరు నిన్ననే కొట్టేశారమ్మా. ఇప్పుడు నలుగురే."

టైలరమ్మ ప్రాణం లేచొచ్చింది. ఆఫీసరు కనిపెట్టేశాడన్నమాట. కనిపెట్టి కూడా జాలిపడి వదిలేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆవిడ పేరేగా కొట్టేసింది?" అంది.

"ఆవిడ ఎవరు? పెద్దావిడ పేరు ఉందిగా." గుమాస్తా పుస్తకం ఇటు తిప్పి వేలు పెట్టి చూపించాడు. "ఆరేళ్ళ పాప. ఇక్కడ ఉండటం లేదని పెద్దావిడ చెప్పారట. ఇంటాయన ఒప్పుకుని సంతకం కూడా పెట్టారు. ఇదిగో."

ఫిట్టరు గిలికిన సంతకం. దాని పైన చిట్టి పేరు. పేరు మీద స్కేలు పెట్టి గీసినట్టు ఒకే ఒక్క గీత.

"మళ్ళీ రాయండి," అంది. "నా కూతురు. ఇంట్లోనే ఉంది. ఇప్పుడే రాయండి బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటాను..."

"మీ ఆయన వచ్చి సంతకం పెట్టాలమ్మా. పాపని కూడా తీసుకురండి."

పరిగెత్తింది. ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. వాన వెలిసి ఎండ కాస్తోంది, రోడ్డంతా తళతళలాడుతోంది. గేటు, మలుపు, మెట్లు.

చిట్టి మెట్ల మీద కూర్చుని ఉంది. ఒంటరిగా. చెప్పులు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం చూసే పెద్దమనిషిలా బుద్ధిగా కూర్చుని ఉంది. వెనక తలుపు గడియ వేసి ఉంది.

"తల్లీ! ఇక్కడేం చేస్తున్నావే? నాన్న ఏరి?" దాన్ని గుండెలకి హత్తుకుని, రెండో చేత్తో తలుపు బాదింది. పిల్ల ఒళ్ళు వెచ్చగానే ఉంది. ఊపిరి మెడకి తగులుతోంది. ఉంది. తన పిల్ల ఉంది. ఆ ఒక్క క్షణం ఆమెకి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ఫిట్టరు తలుపు తీశాడు. భుజాన బుడ్డోడు. మొహంలో ఏ కంగారూ లేదు.

"వచ్చావా?" అని, ఆమె చంకలో పిల్లని చూసి నవ్వాడు. "ఎవరే ఈ పాప? ఇందాకణ్ణుంచీ మన మెట్ల మీదే కూర్చుంది. తప్పిపోయినట్టుంది పాపం."

"ఏమండీ... చిట్టి అండీ. మన చిట్టి!"

"ఏ చిట్టి?" ఆయన నుదురు ముడిపడింది. దగ్గరికి వచ్చి ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "నీకు ఒంట్లో బాగానే ఉందా? మనకి వీడొక్కడేగా."

ఇంట్లోంచి మిషను చప్పుడు వస్తోంది. నిదానంగా, చేయి తిరిగిన వాళ్ళు కుడుతున్నట్టు. చప్పుడు ఆగింది.

"ఎవర్రా అబ్బాయీ?"

"ఎవరో పాప, అత్తా," అన్నాడు ఫిట్టరు వెనక్కి తిరిగి, అరవై ఎనిమిదేళ్ళ మనిషికి వినపడేలా కాస్త గట్టిగా.

టైలరమ్మ వెనక్కి ఒక్కో మెట్టే దిగింది. పిల్లని ఇంకా గట్టిగా అదుముకుంది. ఎత్తుకుని పారిపోవాలి, ఎక్కడికైనా సరే, రైలెక్కి మళ్ళీ ఆ చివరకి... అప్పుడు చిట్టి మెల్లగా ఆమె చేతులు విడిపించుకుని కిందికి దిగింది. గౌను సర్దుకుంది. తల ఎత్తి, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో మాట్లాడినట్టు ఎంతో మర్యాదగా అడిగింది.

"ఆంటీ, మా ఇల్లు ఎక్కడో మీకు తెలుసా?"